సెలవు తీసుకుంటాం

"మళ్ళీ సదువే బుల్లీ. నెమ్మదిగా సదువు."

బుల్లమ్మ కాగితాన్ని కిటికీ వెలుతురుకేసి తిప్పింది. "ఎన్నిసార్లు చదివినా ఇదేనమ్మా. టీసీ ఇది. స్కూల్ ఛోడేసి వెళ్ళిపోయేవాళ్ళకి ఇస్తారు. మా క్లాసులో ఒకమ్మాయికి ఇచ్చారు, వాళ్ళ నాన్నకి కార్ నికోబార్ బదిలీ అయినప్పుడు."

"సెలవలకొచ్చిన గుంటకి ఇసుకూలు ఒదిలేసిన కాయితం ఏల?"

బుల్లమ్మ కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. పదిహేడేళ్ళ పిల్ల, హిందీ బళ్ళో పదో తరగతి దాకా చదివింది. తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు గానీ, కాగితం వెనకాల పెద్దవాళ్ళు ఏం దాచుకున్నారో కూడబలుక్కునే చదువు ఆ బళ్ళో చెప్పరు.

కామమ్మ మళ్ళీ రేకు పెట్టెలోకి చూసింది. పిల్ల జడకు రిబ్బను కోసం పెట్టె తెరిచిన మనిషి, అప్పటి నుంచీ దాని ముందే కూలబడిపోయి ఉంది. నాలుగు రోజుల సరదాకి వచ్చిన పిల్ల పెట్టెలో రెండు గౌన్లుంటాయి, మహా అయితే మూడు. ఇందులో తొమ్మిదున్నాయి. పండక్కి కుట్టించిన పట్టు పరికిణీ ఉంది. పాత బొమ్మ ఉంది. అన్నిటికంటే అడుగున, తువ్వాలులో చుట్టి, 'భారతి' అని పేరు కొట్టించిన ఇత్తడి గ్లాసు ఉంది. షికారుకొచ్చేవాళ్ళు ఎవరైనా పేరు కొట్టించిన గ్లాసు మోసుకొస్తారా? అక్కడ మళ్ళీ అవసరం లేదనుకుంటేనే ఆ గ్లాసు ఇల్లు దాటుతుంది.

వెనక కుళాయి దగ్గర నీళ్ళ చప్పుడవుతోంది. భారతి తను తిన్న పళ్ళెం తనే కడుక్కుంటోంది. వచ్చి మూడు రోజులైంది, ఒక్క పూట కూడా మరొకరి చేత కడిగించుకోలేదు. పదకొండేళ్ళకే ఎంత బుద్ధిమంతురాలు, అమ్మగారు ఎంత బాగా పెంచారు అని ఆ మూడు రోజులూ కామమ్మ మురిసిపోయింది. ఇప్పుడు పెట్టె మూత వేసి లేచింది.

"బుల్లీ, మాస్టరుగారి ఉత్తరం ఏదే? బియ్యం డబ్బాలో ఎట్టినాను. తియ్యి. డాలీగంజ్ ఎల్లాల."

"భారతి?"

"ఇక్కడే ఉంటాది. నువ్వు నాతో రా. ఆ ఉత్తరం సదివినదానివి నువ్వే."

చీర కొంగు నడుముకు దోపుకుని కామమ్మ బయల్దేరింది. బ్రూక్షాబాద్ నుంచి డాలీగంజ్‌కు ఎత్తులూ పల్లాలూ. దారి పొడుగునా ఆమె కూతురికి రెండడుగులు ముందే నడిచింది. పక్కన నడిస్తే, పదకొండేళ్ళ కిందట ఇదే డాలీగంజ్ నుంచి జెట్టీ దాకా పసిగుడ్డునెత్తుకుని నడిచిన సంగతి నోట్లోంచి వచ్చేసేదే.

ఆ ఏడు గాలివానకు కామమ్మ మొగుడు మల్లేశు పడవ కొట్టుకుపోయింది. బర్మా ఒడ్డున తేలి, అక్కడి జైల్లో ఎనిమిది నెలలున్నాడు. ఇక్కడ మాత్రం అందరూ అతను చచ్చిపోయాడనే అనుకున్నారు. కామమ్మ పన్నెండు రోజుల బాలింత, ఒళ్ళు కాలే జ్వరం, పాలు ఇంకిపోయాయి. అప్పట్లో వాళ్ళుండేది డాలీగంజ్‌లోనే. పక్కింటి తెలుగు మాస్టరు భూషణం గారి భార్య శారదాదేవి వచ్చి, పిల్లకు పది రోజులు నేను పాలు పడతానని ఎత్తుకెళ్ళింది. ఆవిడకి పిల్లలు లేరు. పది రోజులు ఆరు నెలలయ్యాయి. ఇంతలో మాస్టారికి ఈ దీవుల నుంచి విశాఖపట్నం బదిలీ అయింది. కామమ్మే జెట్టీ దాకా వెళ్ళి, అసిరమ్మ అని పేరు పెట్టుకున్న పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టి ఓడెక్కించింది. రెండు నెలలకి మల్లేశు తిరిగొచ్చాడు. "ఇచ్చేసినావా?" అని ఒక్క మాటన్నాడు. అప్పట్నుంచీ ఆ పిల్ల ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

*

డాలీగంజ్‌లో పాత స్నేహితుడు వీరరాఘవయ్య గారి ఇంట్లో దిగారు మాస్టరు దంపతులు. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు, తాళం చెవి ఇచ్చి వెళ్ళారు. భూషణం మాస్టరు వరండాలో కూర్చుని, కొన్న శంఖాలనూ గవ్వల దండలనూ పాత పేపర్లలో చుడుతున్నాడు. ఊళ్ళో చుట్టాలకివ్వడానికి.

"రా కామమ్మా. పాప ఏదీ?"

"ఇంటికాడుంది. బాబూ, దీన్ని పెట్టెలో సూసినాను." టీసీ ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని చూసి ఏమాత్రం తొట్రుపడలేదు. "జాగ్రత్తగా దాచు. సెలవులయ్యాక ఇక్కడ బళ్ళో చేర్చాలంటే ఇదే కావాలి. హెడ్మాస్టరుకి నేనొక ఉత్తరం కూడా రాసిస్తాను."

"ఇక్కడ బళ్ళోనా? ఎవుర్ని?"

శంఖం చుడుతున్న చేతులు ఆగాయి. "అదేమిటి? అంతా జాబులో రాశాం కదా! నువ్వు సరేనని జవాబు రాయించావు. ఎన్నాళ్ళయినా ఉంచండి, కళ్ళలో పెట్టుకుంటాం అని. ఆ మాట చదివి నేను... నీ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను."

ఆ మాట కామమ్మ అన్నదే. బుల్లమ్మ హిందీలో రాస్తుంటే పక్కన కూర్చుని, ఇదీ రాయి, అదీ రాయి అని రాయించిందే. నడుముకున్న ఉత్తరం తీసి చేతికిచ్చింది.

"ఏటి రాసినారో మీరే సదవండి బాబూ. నా సెవుల్తో ఇంటాను."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. రాసిన మనిషే, అయినా పైకి చదవడానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

"'మా ఇంటి పరిస్థితులు మీకు వివరంగా రాయలేను. భారతిని మీ వద్దకు చేర్చి సెలవు తీసుకుంటాము. నాలుగు రోజులు అక్కడ ఉండి తిరుగు ఓడలో వెళతాము. మీకు సమ్మతమైతే వెంటనే జాబు రాయగలరు.'"

కామమ్మ కూతురి వైపు తిరిగింది. "నువ్వు నాకు ఏటని సెప్పినావే?"

బుల్లమ్మ ఉత్తరంలోకి తొంగిచూసింది. "భారతితో సెలవులకి వస్తారు, నాలుగు రోజులుంటారు, ఇష్టమైతే రాయమన్నారు... అదే కదమ్మా ఉంది? ఆ మధ్యలో 'చేర్చి' అన్న మాటకి ఒత్తు ఉంది, అది నాకు రాలేదు, వదిలేశా. సార్, సెలవు మతలబ్ ఛుట్టీ, బడి లేని రోజులే కదా?"

"సెలవు అంటే," అన్నాడు భూషణం మాస్టరు, "ఒకటి విరామం. రెండు అనుమతి. మూడోది..."

తొమ్మిదేళ్ళు ఈ ఊళ్ళో తెలుగు పాఠాలు చెప్పిన నోరది. అలవాటు చొప్పున మొదలుపెట్టి, మూడో అర్థం దగ్గర ఆగిపోయింది. బుల్లమ్మ అప్పటికే ఏడుస్తోంది. మూడో అర్థం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"గల్తీ నాదే అమ్మా. నాదే."

కామమ్మ ఆమెను ఊరుకోబెట్టలేదు, తిట్టనూలేదు. "ఏల బాబూ?" అంది. "నా గుంట ఏటి తప్పు సేసింది?"

"తప్పేమీ లేదు. క్లాసులో ఫస్టు. ఎదురు మాట ఎరగదు." ఆయన మళ్ళీ ఒక శంఖం చేతిలోకి తీసుకున్నాడు. చేతికి పనుంటే మాట సులువనుకున్నాడేమో. "మా వాళ్ళతో, మా దూరపు చుట్టాల పిల్ల, తల్లిదండ్రులు పోయారు అని చెప్పాం. పదేళ్ళూ అలాగే గడిచింది. కిందటేడు ఇక్కడ పనిచేసి వెళ్ళినాయన ఎవరో మా తమ్ముడికి కలిశాడు. ఆ పిల్ల జాలరి మల్లేశు కూతురు కదా, బాగుందా అని అడిగాడట. అంతే. మా తమ్ముడి కూతురికి వచ్చిన రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మా అమ్మ ఆ పిల్ల తాగిన గ్లాసు వేరే పెట్టించింది."

"పేరు కొట్టించి," అంది కామమ్మ.

ఆయన తలెత్తలేదు. "ఇక్కడ మీకు తెలీదు కామమ్మా. ఈ దీవుల్లో ఎవరూ ఎవరినీ నీ కులమేమిటని అడగరు. అక్కడ మంచినీళ్ళివ్వక ముందే అడుగుతారు. రేపు పిల్ల పెద్దదైతే దాని గతేమిటి? ఆలోచించు. దాని మంచికే."

"మీ మంచికి అనండి బాబూ. అనండి, నేనేటీ అనుకోను."

అంతవరకూ లోపలి గదిలో ఉన్న శారదాదేవి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మూడు రోజులుగా ఒంట్లో బాగోలేదని ఆవిడ ఊరు చూడ్డానికి కూడా వెళ్ళలేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మగారూ, మీరు సెప్పండి. మీకూ ఇష్టమేనా?"

శారదాదేవి నోరు తెరిచింది. భర్త వైపు చూసింది. "దానికి రాత్రిళ్ళు ఒంటరిగా పడుకుంటే భయం కామమ్మా," అంది. "పక్కన ఎవరైనా ఉండాలి." లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టరు గొంతు తగ్గించాడు. "రేపు పదింటికి ఓడ. పాపకు ఇంకా చెప్పలేదు. జెట్టీ దగ్గర గొడవైతే శారద తట్టుకోలేదు. నువ్వొక పని చెయ్యి. పొద్దున్నే సముద్రం చూపిస్తానని కార్బిన్స్ కోవ్‌కు తీసుకెళ్ళిపో. మధ్యాహ్నం దాకా ఆడించు. ఇంటికొచ్చాక నెమ్మదిగా నువ్వే చెప్పు. ఎంతైనా కన్నతల్లివి."

కన్నతల్లి అన్న మాట పదకొండేళ్ళలో ఆమెతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. అది ఇందుకు పనికొచ్చింది.

*

మల్లేశు అప్పటికే వేట నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు. భారతి ఇంటి పక్క రాతి మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. కామమ్మ అతన్ని లోపలికి పిలిచి, గొంతు పెంచకుండా అంతా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి అతని ముఖం చూసి ఆమెకు భయమేసింది. కోపం కాదది. సంతోషం.

"అయితే ఒదిలేసి ఎల్లిపోతారా? మన గుంట మనకే?"

"అది మనల్ని ఎరగదు మామా."

"ఎరుగుద్ది. ఏటి, నెల పడద్ది, రెండు నెలలు పడద్ది. నాను జైల్లో బర్మా బాస ఆరు నెలల్లో నేర్సినాను. నా గుంట నా ఇల్లు నేర్సుకోలేదేటి?"

"అది సేప ముట్టదు."

నిన్న అతను పట్టిన వాటిలో ఎంచి ఎంచి వంజరం తెచ్చాడు, పిల్ల కోసమని. కామమ్మ పులుసు పెట్టింది. భారతి చాలా మర్యాదగా, నాకొద్దండీ అని, మజ్జిగన్నం తిని లేచింది. మల్లేశు ఆ పులుసు తినకుండా పక్కకు నెట్టేశాడు. ఇవాళ ఆ సంగతి అతనికి గుర్తొచ్చినట్టే లేదు.

"తింటాది. నాలిక మనదే." అతను గోడకు చేరబడ్డాడు. "ఒలే కామీ, ఇను. ఓసారి నాను లేనప్పుడు ఇచ్చేసినావు. నీ తప్పు కాదని నాకూ తెలుసు. తెలిసినా నా కడుపు మండింది. ఈ పదకొండేళ్ళూ ఆ మాట నీతో అనలేదు. ఇప్పుడు ఆళ్ళే తెచ్చి ఇచ్చేస్తన్నారు. ఈసారి నాను ఇంట్లోనే ఉన్నాను. మళ్ళీ ఇచ్చేసినావంటే మాత్రం నాను మనిషిని కాను."

"నానేటి ఇచ్చేస్తానన్నానా?"

"అనలేదు. అనకు కూడా."

బుల్లమ్మ మూల కూర్చుని, "బాపూ, నా వల్లే..." అని ఏదో అనబోయింది.

"నీ వల్లే నా గుంట వచ్చింది. ఏడవమాక," అన్నాడు మల్లేశు. పదకొండేళ్ళ తర్వాత అతను నవ్వాడు. ఎడమ బుగ్గన సొట్ట పడింది.

కామమ్మకూ నవ్వాలనే ఉంది. ఎందుకుండదు? ఈ ముఖం కోసం ఆమె ఎన్ని ఓడలకు ఎదురు చూసింది! పొద్దున్నుంచీ మాస్టరును తిట్టుకుంటూనే, మనసులో ఎక్కడో ఒక మూల, పోనీలే, వదిలెయ్యనీ అని అనుకుంటూనే ఉంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది, మళ్ళీ అనుకుంది.

*

సాయంత్రం గడప మీద కూర్చుని భారతికి జడ వేస్తోంది. రిబ్బను దొరికింది. రేపు కార్బిన్స్ కోవ్ వెళ్దాం అనే మాట నాలుక చివర పెట్టుకుని ఉంది. ఒక పాయ అల్లింది. రెండో పాయ అల్లింది. మాట బయటికి రావడం లేదు. అబద్ధం చెప్పి మొదలుపెడితే ఈ పిల్ల జన్మలో తనని తల్లి అనుకుంటుందా? చెప్పకపోతే రేపు జెట్టీ మీద దీని ఏడుపు ఎవరు చూస్తారు?

"పాపా, రేపు..."

"పిన్నిగారూ," అంది భారతి, తల తిప్పకుండానే. "నా టీసీ జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో పెట్టారా? మడత పడకూడదు."

కామమ్మ చేతిలో జడ జారిపోయింది.

"నీకు... నీకు తెలుసా?"

"టీసీ నా చేతికే ఇచ్చారండీ. హెడ్మిస్ట్రెస్ గారు ఆఫీసు గదిలోకి పిలిచి ఇచ్చారు. మా క్లాసు వాళ్ళందరూ సెలవు చెప్పారు కూడా." ఆ పిల్ల గౌను అంచు మోకాళ్ళ మీదికి లాక్కుని సర్దుకుంది. "మీరే నన్ను కన్నారని నానమ్మ చెప్పింది. గ్లాసు వేరే పెట్టించినప్పుడు. నాకు తెలుసని నాన్నకీ అమ్మకీ తెలీదు."

"తెలిసి... ఏడవలేదా తల్లీ నువ్వు? మూడు రోజులూ?"

"ఏడిస్తే మొండిదాన్నంటారు కదా. మంచిగా ఉంటే మనసు మారుతుందేమో అనుకున్నాను. పళ్ళెం కడిగాను. గౌను మాపుకోలేదు. చేప కూడా ముట్టలేదండీ. వాసనకి నోరూరింది, అయినా ముట్టలేదు. ముట్టలేదని అమ్మకు చెప్తారా? మీరు చెప్తే నమ్ముతుంది."

కామమ్మ పెంపకం అనుకుని మురిసిపోయిందంతా ఇదన్నమాట. ఒక్కో పూట ఒక్కో పళ్ళెం కడిగి, ఈ పిల్ల తనను తను మళ్ళీ ఇంటికి చేర్చుకోవాలని చూస్తోంది.

భారతి అప్పుడు వెనక్కి తిరిగింది. తండ్రి ముఖమే. మల్లేశు ముఖమే. ఎడమ బుగ్గన సొట్ట పడే చోటు ఉంది, సొట్ట మాత్రం లేదు.

"పిన్నిగారూ, మీకు కోపం రాదు కదా? ఒకటడుగుతాను."

"అడుగమ్మా."

"మీరు నన్ను వద్దని చెప్పండి."

"ఏటి?"

"మీరు ఉంచుకుంటానన్నారు కాబట్టే తీసుకొచ్చారు. మీ ఉత్తరం వచ్చాకే టీసీ తీసుకున్నారు. మీరు వద్దంటే వాళ్ళు ఇంక తీసుకెళ్ళాల్సిందే కదండీ. వేరే ఎవరూ లేరు కదా." ఆ పిల్ల చాలా సావధానంగా, లెక్క చేసి చూపిస్తున్నట్టు చెప్పింది. "మీరు మంచివారే. మల్లేశు గారు కూడా. కానీ అమ్మకి రాత్రిళ్ళు నేను పక్కన లేకపోతే నిద్ర పట్టదు."

లోపల మల్లేశు బుల్లమ్మతో ఏదో చెప్తున్నాడు. పిల్లకు పక్కగది కట్టాలి, పడమటి గోడ జరపాలి అంటున్నాడు. అతని గొంతు అంత హుషారుగా విని ఎన్నేళ్ళయిందో.

కామమ్మ జడ మళ్ళీ మొదట్నుంచీ వేసింది. ఎంత గట్టిగా అల్లిందంటే పిల్ల కళ్ళు చికిలించింది, కానీ అబ్బా అనలేదు.

"చెప్తారా?" అంది భారతి.

కామమ్మ రిబ్బను ముడి వేసి, తల ఊపింది.

*

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే జెట్టీ నిండిపోయింది. ఊరికి పోయేవాళ్ళూ, సాగనంపేవాళ్ళూ, కొబ్బరికాయల గోతాలూ. భూషణం మాస్టరు దూరం నుంచి భారతిని చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏం కామమ్మా, నేనేం చెప్పాను, నువ్వేం చేశావు?"

కామమ్మ వెనక బుల్లమ్మ, మల్లేశు ఉన్నారు. రేకు పెట్టె మల్లేశు భుజం మీదుంది. పెట్టె ఏల తెమ్మన్నావే అని దారిలో అడిగాడు. అమ్మగారు సూస్తారంట అని ఆమె అబద్ధమాడింది. అబద్ధం భర్తతో ఆడింది, పిల్లతో ఆడలేదు. ఎంత ఆలోచించినా ఆమెకు దొరికిన న్యాయం అంతవరకే.

భారతి పరుగెత్తుకెళ్ళి శారదాదేవి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ చేతిని వదిలించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు. కొయ్యలా నిలబడింది.

"అమ్మగారూ," అంది కామమ్మ. "నాలుగు రోజుల్లో పాప సేప ముట్టలేదు. ఒట్టు."

శారదాదేవి ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు మాస్టరు. "మల్లేశూ, పాపను కాస్త అవతలికి తీసుకెళ్ళు. నేను కామమ్మతో మాట్లాడాలి."

"మాటాడ్డానికేటీ లేదు బాబూ." కామమ్మ భర్త వైపు చూడలేదు. చూస్తే ఆ మాట అనలేదని ఆమెకు తెలుసు. ఓడ కింద మురికి నీళ్ళలోకి చూస్తూ అంది. "ఈ గుంట నాకొద్దు."

"కామీ!" అన్నాడు మల్లేశు.

"నాకొద్దు. నాకు సాకడం రాదు. నా ఇంట్లో సోటు లేదు. ఉన్న గుంట సాలు నాకు. ఉత్తరం మేం తప్పు సదివినాం. సెలవలనుకుని రమ్మన్నాం, సెలవలైపోనాయి. మీ పిల్లని మీరు తీసుకెళ్ళిపోండి."

ఒక్కొక్క మాటా కొత్త భాష మాట్లాడుతున్నట్టు పలికింది. కొన్నిటికి ఒత్తులు కూడా సరిగా రాలేదు. మల్లేశు పెట్టెను భుజం మీంచి నెమ్మదిగా దించి నేల మీద పెట్టాడు. భార్యను ఒక్క మాటనలేదు. పదకొండేళ్ళ కిందటైనా ఒక మాటన్నాడు. వెనక్కి తిరిగి జనంలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. బుల్లమ్మ "బాపూ!" అని అతని వెంట పరుగెత్తింది.

కామమ్మ తలెత్తింది. భారతి ఆమెనే చూస్తోంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. ఎడమ బుగ్గన సొట్ట పడింది. కన్న కూతురు తనను చూసి మనసారా నవ్వడం కామమ్మ చూసింది. వద్దన్నందుకు నవ్వింది.

టికెట్లు చేత పట్టుకోమని నిచ్చెన మొదట్లో ఖలాసీ గట్టిగా అరిచాడు. "చలో, చలో! అప్నా అప్నా టికెట్ హాథ్ మే రఖో!"

శారదాదేవి భర్త మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ," అంది. "ఏమండీ..."

వెనకాల వాళ్ళు తోసుకుంటున్నారు. చివరికి భూషణం మాస్టరు జేబులో చెయ్యి పెట్టి టికెట్లు బయటికి తీశాడు. ఒకదాని మీదొకటి అంటుకుని ఉన్నాయేమోనని వేలితో విడదీసి చూశాడు. ఆయనకు తెలుసు, అయినా చూశాడు.

రెండే ఉన్నాయి.

భారతి రేకు పెట్టె ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూ, ఇంకా నవ్వుతూనే, తన టికెట్ కోసం ఆయన వైపు రెండో చెయ్యి చాపింది.